గాల్లో గంటన్నర

ఎనభైల మొదట్లో మా పెద్దమ్మాయి పెళ్లికి మా తమ్ముడు బొంబాయి నుంచి విమానంలో వస్తానన్నాడు. నేను చదివింది మూడో తరగతే, అందుకని పక్కింటి పంతులుగారి చేత ఉత్తరం రాయించాను: "ఆ డాబులు మనకెందుకు? రెండు రోజుల ముందే రైలెక్కి రా."

"సెలవు లేదక్కా. హైదరాబాదుకి ఆరొందల కిలోమీటర్లు, గాల్లో గంటన్నర. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి మనింట్లో ఉంటా" అని జవాబు రాశాడు.

మా ఇళ్లల్లో గౌరీపూజ అయ్యాక పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి, మేనమామ ఎత్తుకొచ్చి పీటల మీద దించాలి. పిల్లకున్న సొంత మేనమామ వీడొక్కడే. చిన్నప్పుడు దాన్ని భుజానెక్కించుకుని అమరావతి తిరనాళ్లంతా తిప్పినవాడు.

పెళ్లిరోజు తెల్లారింది. వాడు రాలేదు. మా ఆయన రోడ్డు మీద నిలబడి హైదరాబాదు బస్సు వచ్చినప్పుడల్లా లోపలికి తొంగిచూస్తున్నారు. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ పొద్దున మబ్బు పట్టడంతో మగవాళ్లందరి తలలూ పైకే ఉన్నాయి.

"ఏం వదినగారూ, అందరూ ఆకాశంలోకి చూస్తున్నారు, మేనమామ అక్కణ్ణించే దిగుతాడా?" అంది పెళ్లికొడుకు మేనత్త. ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. మగపెళ్లివారితో మాటకు మాట అనకూడదని పళ్లు బిగబట్టాను.

పదకొండయింది. పురోహితుడు "అమ్మాయిని తీసుకురండమ్మా, ముహూర్తం దాటిపోతుంది" అని కేకేశాడు. మా పినతల్లి కొడుకు పంచె ఎగ్గట్టి వచ్చాడు. "నేనూ మేనమామనేగదే, రా" అన్నాడు.

పిల్ల కదల్లేదు. "మావయ్య ఎత్తకపోతే నేను బుట్టలో కూర్చోనమ్మా."

"వాడు రాడు. ముహూర్తం ఆగదు."

"అయితే నడిచొస్తా."

చెంప పగలగొట్టాలనిపించింది. కానీ దాని గడ్డం వణుకుతోంది. చెయ్యి పట్టుకుని లేపాను. ఊరంతా చూస్తుండగా పెళ్లికూతురు నడుచుకుంటూ వచ్చి పీటల మీద కూర్చుంది. ఖాళీ బుట్ట గౌరీదేవి పక్కనే ఉండిపోయింది.

రెండో పంక్తి లేస్తుండగా దిగాడు మా తమ్ముడు. బొంబాయిలో విమానం ఆలస్యంగా లేచిందట, హైదరాబాదులో దిగేసరికి రాత్రి బస్సు వెళ్లిపోయిందట. పొద్దున ఎక్కిన బస్సేమో పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి లారీల వెనక ఇరుక్కుందట.

"ఎవరెత్తారక్కా?"

"ఎవరూ ఎత్తలేదు. నడిచింది."

సంచీ పట్టుకుని అలాగే అరుగు మీద కూలబడ్డాడు. "ఆకేశారు, లే" అన్నాను. లేవలేదు.

అప్పగింతల వేళ పిల్ల వాడి కాళ్లకు దణ్ణం పెట్టింది.

"విమానంలో ఎంతసేపు పట్టింది మావయ్యా?"

"గంటన్నరేనమ్మా."

అది తలూపి, వాడి మొహం చూడకుండానే కారెక్కింది.