నేను తెరవని ఫొటో

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్న మాటే. మోసేకొద్దీ బరువెక్కుతోంది. నువ్వెవరో నాకు తెలియదు కాబట్టే నీకు చెప్పగలుగుతున్నాను.

కడపలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. ఎక్కడో కొండమీది టెలిస్కోపు తీసిన ఫొటోలు మాకు వచ్చేవి. ఆకాశంలో ఒకే చోటుకి తీసిన కొత్త ఫొటోలోంచి పాత ఫొటోని కంప్యూటరు తీసేస్తుంది. ఎప్పుడూ ఉండేవన్నీ పోయి, కొత్తగా వెలిగిందేదైనా ఉంటే తెల్లచుక్కగా మిగులుతుంది. రెండు ఫొటోలూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే ఉత్తుత్తి చుక్క కూడా పుడుతుంది. దాని పక్కనే నల్లమచ్చ ఉంటుంది. అలాంటిదాన్ని కొట్టెయ్యాలి. ముందు విద్యార్థి, తర్వాత నేను చూసి, ఇద్దరం ఔనంటేనే టెలిస్కోపు వాళ్లకి పంపేవాళ్లం.

సలోమి నా దగ్గర ఎమ్మెస్సీ చదివేది. ఎర్రగుంట్ల దగ్గర పల్లె, తండ్రి సిమెంటు లారీ డ్రైవరు. ఒక గెలాక్సీ నడిమధ్య చుక్కకి ఆమె ఔనని పెట్టింది. నడిమధ్య చుక్కలు చాలావరకు ఉత్తవే. ఆ ధీమాతో ఆరోజు అలాంటివన్నీ ఒక్క ఊపులో కొట్టేశాను. ఆమెదీ వాటితోపాటే పోయింది. తెరిచి కూడా చూడలేదు.

మర్నాడు క్లాసులో తన చుక్కని కొట్టేసిన సంగతి అందరి ముందూ లేచి అడిగింది.

"నల్లమచ్చ నాకు యాడా కనపళ్లేదు సార్. ఇంగొకసారి సూస్తారా?"

"చూసినానమ్మా. ఉండాది. నీ కంటికే ఆనలేదు."

"అట్లనా సార్," అని కూర్చుంది.

చూడలేదమ్మా, ఆగు, అంటే నా సొమ్మేం పోయేది? పిల్లల ముందు పరువా? క్లాసయ్యాక తెరిచాను. తెల్లటి చుక్క. చుట్టూ ఏమీ లేదు. అప్పుడైనా పంపొచ్చు. కానీ పంపితే, పొద్దున నేను చూడకుండానే చూశానన్నానని అందరికీ తెలిసిపోతుంది. సిగ్గుతో, అంతకంటే భయంతో మూసేశాను. కొన్నాళ్లకి వేరే దేశం వాళ్లు అక్కడే ఒక నక్షత్రం పేలిందని ప్రకటించారు. అది ముందు చూసింది సలోమి. అప్పటికే ఆమె ఆ పని మానేసింది. తనకి చూపు చాలదని స్నేహితురాళ్లతో అందట.

మొన్నామధ్య ఎర్రగుంట్ల స్టేషన్లో కనపడింది. ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేస్తోందట. భర్తకి నన్ను చూపించి, మా కాలేజీ సారు ఈయనే, మొదట్లోనే నిజం చెప్పినాడని, లేకుంటే చేతకాని పనిలో ఏండ్లు పోగొట్టుకునేదాన్నని నవ్వుతూ చెప్పింది. నాకు దండం పెట్టింది. నేనేం చేశాను? అందులో ఏముందిలేమ్మా అన్నాను. ఆ దండాన్ని కూడా పుచ్చుకున్నాను.

ఇప్పటికీ ఏ ఫొటో తెరిచినా ముందు ఆ చుక్కే వచ్చి నిలబడుతుంది. క్షమించమని నిన్ను అడగను, నువ్వు క్షమిస్తే ఆమెకేం ఒరుగుతుంది? ఆమె ఎదుట పెగలని మాట ఒక్కసారి ఇక్కడ అననివ్వు.

నల్లమచ్చ లేదమ్మా సలోమీ. నీ కన్ను మంచిదే.