మేనత్త ఏడుపు, నా క్యాసెట్

ఇరవై మూడేళ్లప్పుడు నాకొక పొగరు ఉండేది. అందరూ వినే పాట నేను వినను. బస్సులోనో పెళ్లి పందిట్లోనో సినిమా పాట మోగితే మొహం తిప్పుకునేదాన్ని. మహబూబ్‌నగర్ దగ్గరి ఊళ్లో టీచరుగా చేరి, టౌనులో గది కిరాయికి తీసుకున్న కొత్తలో మాట ఇది. అక్క మొగుడు దుబాయి నుంచి తెచ్చిన చిన్న టేప్‌రికార్డర్ నా దగ్గర ఉండేది. అక్క దాన్ని వాడడం లేదని తెచ్చుకున్నాను. నిజం చెప్పాలంటే అడగకుండానే తెచ్చుకున్నాను.

బస్టాండు వెనక సందులో ఒక చాచా రికార్డింగు దుకాణం నడిపేవాడు. జనం చీటీ మీద పాటలు రాసిచ్చి ఖాళీ క్యాసెట్లో ఎక్కించుకుని పోయేవారు. నేను వెళ్లి, "సినిమాయి గాకుంట ఇంకేమన్న ఉన్నయా చాచా?" అని అడిగితే ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, బల్ల కింద నుంచి చెప్పుల డబ్బా తీశాడు. అందులో బొమ్మల్లేని క్యాసెట్లు. వాటి మీద పెన్సిలుతో రాతలు: రెండు డప్పులు, వాన. పీర్ల గుండం కాడ. తత్వాలు, కండ్లు లేని పెద్దాయన. ఒక్కదాని మీదా పాడినవాళ్ల పేరు లేదు. నల్గొండలో, రాయచూరులో, కర్నూలులో ఆయనలాంటి పిచ్చివాళ్లే ఇంకొందరు ఉన్నారట. బస్సు డ్రైవర్ల చేతికిచ్చి ఒకరికొకరు పంపుకునేవారు.

ఇప్పుడు మా అమ్మాయి, పేరూ ఊరూ తెలియని పిల్లలు తీసిన చిన్న సినిమాలు, ఎవరో ఇంట్లో కూర్చుని కట్టిన పాటలు ఫోనులో వెతికి పట్టుకుని, "అమ్మా, ఇది విను" అని నా చెవి దగ్గర పెడుతుంది. వింటాను. బాగుంటాయి కూడా. కానీ ఆ డబ్బా గుర్తొచ్చి, సగంలోనే ఫోను తిరిగిచ్చేస్తాను.

ఆ డబ్బాకు ఒక పద్ధతి ఉండేది. "పైసలకు ఇయ్య. ఒకటి తెస్తె ఒకటి ఇస్త. ఎవ్వలూ విననిది గావాలె," అనేవాడు చాచా. మొదట్లో మా బడి పిల్లల బతుకమ్మ పాటలు ఇచ్చి ఒకటి సంపాదించాను. తర్వాత ఒకరోజు ఆయన అమ్రాబాద్ అడవిలో ఎవరో రికార్డు చేసిన క్యాసెట్ పెట్టాడు. తేనె తీయడానికి కొండ అంచున తాడు పట్టుకుని దిగుతూ ఒక ముసలాయన పాడుతున్నాడు. పైనున్న మనిషికి తాను బతికే ఉన్నానని తెలియడానికి పాడుతూనే ఉండాలట. గొంతు కిందికి, కిందికి పోతోంది. సరిగ్గా అప్పుడే చాచా మీట నొక్కి ఆపేశాడు.

"మిగిలింది నువ్వు తెచ్చినంక," అని నవ్వాడు.

రెండు వారాలు నాకు అదే ధ్యాస. బడిలో ఎక్కాలు చెబుతున్నా ఆ గొంతే.

అలాంటప్పుడు మా మేనత్త మొగుడు చనిపోయాడని కబురు వచ్చింది. మా వైపు చావు జరిగిన ఇంట్లో ఆడవాళ్లు ఊరికే ఏడవరు, పాటగా ఏడుస్తారు. పోయిన మనిషి బతుకంతా అందులో చెబుతారు. బతికున్నవాళ్లు చేసిన తప్పులూ చెబుతారు, ఎదురుగానే, పేరు పెట్టి. దానికి ఎవరూ బదులు చెప్పరు. స్నానాలైపోయాక ఆ మాట ఎవరూ ఎత్తరు. ఆ పాట అక్కడే వదిలేసి రావాలి, చావు లేని ఇంట్లో కూనిరాగం కూడా తీయకూడదు. ఈ పాటలో మా మేనత్తను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఆమె వస్తే గానీ కొందరికి ఏడుపే వచ్చేది కాదు.

ఇదంతా తెలిసినదాన్నే. అయినా సంచిలో రెండు చీరలతో పాటు టేప్‌రికార్డర్ పెట్టుకున్నాను. దారిలో దానికి కొత్త బ్యాటరీ సెల్లులు కొన్నాను.

చలికాలం. శాలువా కింద పెట్టె దాచుకుని ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. మేనత్త తన మొగుడి, అంటే మా మామ కాళ్లు పట్టుకుని పాడింది. మామకు ఛాతీలో నొప్పి వచ్చిన పొద్దు, రోడ్డు దాకా తీసుకుపోవడానికి ఆమె తన మరిదిని ఎడ్లబండి అడిగింది. ఎడ్లు అప్పుడే దున్ని వచ్చాయన్నాడు. మామ నడిచే పోయాడు. దవాఖాన చేరలేదు.

"ఎడ్లు అలిసినయంటివి మరిదీ... నా రాజు నడిసి నడిసి అలిసిపాయెర మరిదీ..."

వాకిట్లో నిలబడ్డ మరిది తల వంచుకుని విన్నాడు. నా పక్కన ఎవరో నా భుజం మీద తల పెట్టి వెక్కుతున్నారు. నేను మాత్రం శాలువా కొంచెం ఎత్తి టేపు తిరుగుతోందా లేదా అని చూసుకుంటున్నాను. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని జాతర చూపించిన మామ. ఆయన కోసం ఆ రోజు నాకు ఒక్క చుక్క కన్నీరు రాలేదు.

చాచా ఆ క్యాసెట్ మొత్తం విన్నాడు. "ఎవలింట్లది బేటీ గిది? ఆళ్లను అడిగినవా?" అన్నాడు.

"అడిగిన. ఆళ్లే ఇయ్యమన్నరు," అన్నాను. తడుముకోకుండా అన్నాను.

తేనె తీసే ముసలాయన పాట నాకు పూర్తిగా దొరికింది. ఆ వారమంతా ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

మామ పోయాక మేనత్తకున్న రెండెకరాలనూ మరిదే దున్నేవాడు. ఎవరూ అడగలేదు. అవే ఎడ్లతో ముందు ఆమె చేను దున్ని, తర్వాత తనది దున్నుకునేవాడు. ఆమె కూడా ఆయనకు సద్ది కట్టి పంపేది. ఇద్దరూ ఆ బండి మాట ఎత్తలేదు. అది అక్కడితో తీరిపోయేది, నేను తీరనిచ్చి ఉంటే.

ఏడాది తిరిగాక, ఎండాకాలం మొదట్లో, తోబుట్టువును చూడడానికి బయల్దేరిన మా బాపుతో కలిసి మేనత్త ఇంటికి పోయాను. మేం అరుగు మీద కూర్చుని ఉండగానే మరిది వచ్చాడు. వాళ్ల ఊరి రోడ్డు మీది చాయ్ హోటల్లో ఎవరో డ్రైవరు క్యాసెట్ పెట్టాడట. అందులో ఆమె ఏడుపు.

"ఇంట్ల ఏడిస్తె నేనేమన్న అన్ననా వదినా? ఒక్క మాటన్న అన్ననా? గిప్పుడు హోటల్ల కూసున్నోళ్లు నా మొహం జూసి ఎడ్లు అలిసినయా అని అడుగుతాండ్రు. నవ్వుతాండ్రు వదినా," అన్నాడు.

మేనత్తకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గడప దాటి మరిది ముందుకొచ్చింది. "నాకేం ఎరుక మరిదీ? ఎవలు జేసిండ్రో, వాళ్ల చేతులిరుగ," అన్నది.

నేను అక్కడే ఉన్నాను. చేతిలో చాయ్ గ్లాసు ఉంది. తాగాను కూడా.

మర్నాడు చాచా దగ్గరికి పరుగెత్తి, తుడిచేయమన్నాను. ఆయనకు సంగతి అర్థమైంది. తిట్టి ఉంటే బాగుండేది. "నా కాడున్నది తుడుస్త. పోయినయి యాడ తుడవాలె బేటీ?" అన్నాడు. ఆ తర్వాత నాకు డబ్బా చూపించలేదు. నేనూ అడగలేదు.

ఆ ఏడు మరిది ఎడ్లు ఆమె చేనులో దిగలేదు. బాపు పోయి బతిమాలితే, "ఊరు నవ్విన నవ్వును ఎనకకు తీస్కరా, దున్నుత," అన్నాడట. చేను బీడు పడింది. యాభై దాటిన వయసులో మా మేనత్త మేస్త్రీ వెంట ఎక్కడో ఆనకట్ట పనికి పోయింది. రెండేళ్ల తర్వాత దగ్గుతో తిరిగొచ్చింది. నేను చెప్పాలనుకున్నాను. ప్రతిసారీ అనుకున్నాను. ఆమె మా ఇంటికొచ్చి నా బిడ్డకు నూనె రాసి, తలంటి, పాటలు పాడి నిద్రపుచ్చేది. అప్పుడూ చెప్పలేదు. ఆమెకు తెలియదు కదా, తెలియజేసి బాధపెట్టడమెందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పిరికిదానికి ఇలాంటి దయ తొందరగా పుడుతుంది.

తొంభైల చివర్లో ఆ మరిది పోయాడు. మాటలు లేకపోయినా మేనత్త వెళ్లింది, నేనూ వెళ్లాను. చాప మీద ఆడవాళ్లంతా ఆమె ఎత్తుకుంటుందని చూస్తున్నారు. ఆమె శవం తల దగ్గర కూర్చుంది. నోరు తెరిచింది, మూసింది. రెండుసార్లు అలాగే అయింది. పగ పోలేదేమోనని ఎవరో గొణిగారు. అప్పుడామె తలెత్తి, అంతమందిలో నన్ను వెతికి చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"బిడ్డా, నువ్వు జర బయటికి పో," అన్నది మెల్లగా. "నువ్వుంటె నాకు ఏడుపు రాదు."

లేచి, కాళ్లు ముడుచుకుని దారిచ్చిన ఆడవాళ్ల మధ్య నుంచి బయటికొచ్చాను. నేను గడప దాటాకే లోపల ఆమె గొంతు లేచింది. ఆ పాట వినపడనంత దూరం నడిచాను.