ఇరవై అంగుళాల చక్రం, అత్తమ్మ రాట్నం

మా ఆయన స్నానానికి పట్టేంత సేపట్లో ఇంకొకరైతే గోడకు సున్నం వేసి, అది ఆరిందో లేదో కూడా చూసి వస్తారు. ఆ స్నానం అయ్యాక ఆయన బండి మీద బస్టాండుకు తీసుకెళ్తేనే నేను నర్సంపేట బస్సు ఎక్కాలి. అక్కడ దిగాక ఆటో. అది నిండితే గానీ కదలదు. ఇంతమంది దయ కుదిరి నేను బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయి ఉంటుంది.

ఇంకోసారి ఆలస్యమైతే పదో తరగతి లెక్కలు వేరేవాళ్లకు ఇచ్చేస్తానని హెడ్‌మాస్టరు చెప్పేశారు. ఆరో తరగతి నుంచి నేను నెట్టుకొచ్చిన పిల్లలు వాళ్లు. సరిగ్గా పరీక్షల ఏడాది ఇంకొకరి చేతిలో పెట్టాలంటే కడుపు మండిపోయింది. అందుకే మడత సైకిల్ కొనాలనుకున్నాను. బస్టాండుదాకా తొక్కి, మడిచి బస్సులో పెట్టి, దిగాక మళ్లీ బడిదాకా తొక్కితే ఎవరి స్నానంతోనూ పని లేదు.

సుబేదారిలోని సైకిల్ దుకాణంలో రెండు రకాలున్నాయి. ఒకదాని చక్రం పదహారు అంగుళాలు, రెండోదానిది ఇరవై. పదహారుది మడిస్తే బియ్యం సంచంత అవుతుంది. ఇరవైది మడిచినా దాని బింకం తగ్గదు.

ఇంట్లో చెప్పగానే మా ఆయన, "పదహారా? సర్కస్ల ఎలుగుబంటి తొక్కే సైకిలే అది" అన్నాడు. ఎలుగుబంటైనా టైముకు తయారవుతుందని నేనన్నాను.

అత్తమ్మ అభ్యంతరం ఇంకా బలమైనది. ఆమె మగ్గానికి కండెలు చుడుతూ రాట్నం ముందే సగం జీవితం గడిపింది. "రాట్నం పెద్ద సక్రం ఒక్క సుట్టు తిరిగేలోపట నూలు సుట్టుకునే కదురు ఎన్ని సుట్లు తిరుగుతదో సూడలేదా బిడ్డా? సక్రం సిన్నగుంటే నీ కాళ్లు గూడ గట్లనే గిర్రున తిప్పాలె. బస్టాండు కాడికి పోయేసరికి మోకాళ్లు అరుగుతయి" అంది.

నిష్పత్తులు చెప్పే టీచర్ని, నవ్వి ఊరుకోవాలి. కానీ భయం పట్టుకుంది. అత్తమ్మ చెప్పే తీరు అలాంటిది. సూర్యుడు పడమట పొడిచాడన్నా కిటికీ దగ్గరికి వెళ్లి ఒకసారి చూసి వస్తాం.

మర్నాడు దుకాణంలో పదహారుదాని వెనక చక్రం పైకెత్తి పట్టుకుని పెడల్ తిప్పి చూశాను. పెడల్ ఒక చుట్టు తిరిగేలోగా చక్రం చాలా చుట్లు తిరిగింది. తప్పెక్కడో తెలిసింది. రాట్నంలో చెయ్యి తిప్పేది పెద్ద చక్రాన్ని, సైకిల్ మీద కాలు తిప్పేది ముందున్న పెద్ద పళ్లచక్రాన్ని. గిర్రున తిరిగే కదురు వెనక చక్రమే గానీ నా మోకాలు కాదు. చక్రం చిన్నదైతే, కాళ్లు ఎక్కువ తిప్పక్కర్లేకుండా ముందు పళ్లచక్రం ఇంకాస్త పెద్దది పెడతారట. ఇంటికొచ్చి ఇదంతా వివరిస్తే అత్తమ్మ, "నేను జెప్పింది గూడ గదే గద" అంది.

మోకాళ్ల సంగతి తేలింది గానీ రోడ్డు సంగతి మిగిలింది. దుకాణం ముందు రోడ్డు మీద పదహారుది తొక్కి చూస్తే, పైపు కోసం తవ్వి పూడ్చిన చోట ముందు చక్రం దిగబడిపోయింది. హ్యాండిల్ మీదికి వాలి దుకాణదారుకు దండం పెట్టినట్టు ఆగాను. ఇరవైది అదే గుంతను సణుక్కుంటూ దాటింది. రోడ్డు ఇరవై కావాలంటోంది, బస్సేమో పదహారు అంటోంది.

దుకాణంలో మడిచి ఉన్న ఇరవైదాన్ని జానలతో కొలిచి, మరుసటి రోజు బస్సులో డ్రైవరు వెనక సందును కూడా అలాగే కొలిచాను. కండక్టరమ్మ చూసి, "ఏం టీచరమ్మా, బస్సు కొంటానవా?" అంది.

"లేదక్కా, సైకిల్ పట్టే జాగ సూస్తాన."

"నీకంటే ఆడోళ్లకిచ్చే ఫ్రీ జీరో టికెట్. దానికి గూడ ఆధార్ కార్డు ఉన్నదా?"

బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. సైకిల్ పట్టే జాగా ఆ సందొక్కటే. అక్కడ ఎవరి మూటో పడకముందే నేను బస్సెక్కాలి. అయినా ఇరవైదే కొన్నాను. బస్సులో జాగా కోసం పోట్లాడగలను, గుంతతో పోట్లాడలేను.

మొదటి రోజు సైకిల్ బయటికి తీస్తుంటే మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, "ఆగరాదు, రెండు నిమిషాలల్ల వస్తాన" అన్నాడు. ఆ రెండు నిమిషాలతో నేను పదేళ్లు కాపురం చేశాను. ఆగలేదు.

నేను బడికి చేరేసరికి ప్రార్థన గంట ఇంకా కొట్టలేదు. పదో తరగతి గదిలో నల్లబల్ల మీద ఆ రోజు లెక్క రాస్తుంటే హెడ్‌మాస్టరు గుమ్మం దగ్గర ఆగారు. చేతి గడియారం చూసుకుని, ఏదైనా బండి ఉందేమోనని గేటు వైపు చూశారు.

"ఇయ్యాల ఎవరు దింపిపోయిన్రు టీచర్?"

"ఎవరూ దింపలేదు సార్. నేనే వచ్చిన."