ఏడో మూత

డ్రైనేజీ ఆఫీసులో అతన్ని అందరూ చెవి మావయ్య అంటారు. ఇంట్లో పెళ్ళాం పదిసార్లు పిలిచినా పలకడు గానీ, నేల కింద చీమ తుమ్మినా వింటాడని తోటివాళ్ళ వేళాకోళం. ఇరవై రెండేళ్ళుగా అతని పని ఒకటే. వాగు గట్టు లోపల పెద్ద మురుగు పైపు పోతుంది. దాని మీద పదకొండు మ్యాన్‌హోల్ మూతలు. రోజూ ఒక్కో మూత మీద గునపంతో మూడు దెబ్బలు కొట్టి, వంగి చెవి ఆనిస్తాడు. కింద మట్టి గట్టిగా ఉంటే మొద్దుగా మోగుతుంది. వాగు మట్టిని తినేసి ఉంటే ఖాళీ కుండలా మోగుతుంది. అప్పుడు వెంటనే రాళ్ళు దింపించాలి. లేకపోతే వరదకి గట్టు తెగి, పైపు విరిగి, ఊరి మురుగంతా వాగుపాలు.

ఆ దెబ్బలకి ఇంకో అర్థం కూడా ఉంది. లోపలికి దిగిన మనిషి తిరిగి మూడు కొడతాడు, క్షేమంగా ఉన్నానని.

రెండేళ్ళ కిందట ఏడో మూత కిందికి దిగినవాడు అతని బావ, చెల్లెలి భర్త. ఉన్నట్టుండి వరద వచ్చిపడింది. మావయ్య పైనుంచి చేతులు పడిపోయేదాకా కొట్టాడు. జవాబు రాలేదు. శవమూ దొరకలేదు. ఆనాటి నుంచి అతను ఆరో మూత దాకా కొట్టి, పొదల చాటుగా చుట్టు తిరిగి ఎనిమిదో మూత దగ్గర తేలేవాడు. తనిఖీ పుస్తకంలో మాత్రం ‘ఏడు: బాగుంది’ అని రాసేవాడు. కొడితే ఎక్కడ జవాబొస్తుందోనని అతని భయం.

ఈసారి వానలు మూడు రోజులు వదలకుండా కురిశాయి. నాలుగో రోజు మధ్యాహ్నం చెల్లెలు గొడుగైనా లేకుండా ఆఫీసుకి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరు పిల్లలతో ఆమె ఉండే ఇల్లు ఏడో మూత పక్కనే.

“అన్నయ్యా, నిన్నట్నుంచి వంటింటి నేల కింద ఎవరో కొడుతున్నారు. మూడేసి దెబ్బలు. పిల్లలు కూడా విన్నారు.”

“పైపులో రాయేదో దొర్లుతోందేమోలే.”

“రాయికి లెక్కలొచ్చా?”

అతను గునపం తీసుకుని ఆమె వెంట నడిచాడు. ఆమె పిల్లల దగ్గరికి లోపలికి వెళ్ళింది. ఏడో మూత మీద గడ్డి మొలిచింది. మూడు కొట్టాడు. కింది నుంచి, తీరిగ్గా, మూడు దెబ్బలు తిరిగొచ్చాయి.

“బావా!” అని అరిచాడు. మూతకి చెవి ఆనించి మళ్ళీ కొట్టాడు. ఈసారి ఇరవై రెండేళ్ళ పనితనం మేలుకుంది. కింద మట్టి లేదు. ఖాళీ కుండ!

“చెల్లీ, పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చెయ్! ఇంటి కింద గట్టు లేదు!”

వాళ్ళు రోడ్డెక్కిన కాసేపటికే వంటిల్లు వాగులో కూలింది. ఆఫీసు మనుషులు ఇనుప వలల్లో కట్టిన రాళ్ళను సాయంత్రం దాకా దింపితే పైపు నిలిచింది.

తడిసిన పుస్తకం చెల్లెలి ముందు పెట్టి అతను ఏడ్చేశాడు. “రెండేళ్ళుగా ఆ మూత ముట్టుకోలేదమ్మా. రాసిందంతా అబద్ధం. మీ ప్రాణాల మీదికి తెచ్చాను.”

“తెలుసన్నయ్యా. నువ్వు చుట్టు తిరిగి పోవడం కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నా.” ఆమె కూలిన గోడ వైపు చూసింది. “ఆయనా చూసుంటారు. నువ్వు కొట్టట్లేదని, తనే కొట్టారు.”