వియ్యపురాలికి సగం గుడ్డ

గనిలోంచి వచ్చిన రాయిని పొరలు పొరలుగా చీల్చడం సుబ్బులమ్మ పని. ఉలి ఆనించాల్సిన చోటు చూసుకుని ఒక్క దెబ్బ వేస్తే పలక ఊడివస్తుంది. ఇది చూసి శ్రమలోని అందం గురించి మాట్లాడేవాళ్ళుంటారు. వాళ్ళు మార్కాపురం పలకల ఫ్యాక్టరీ దుమ్ములో ఒక పూట కూర్చుంటే చాలు. ఆమెకు ఆ పని అన్నం పెడుతుంది, అంతే. దానికి గొంతుక్కూర్చోవాలి, బరువంతా పాదాల మీద మోపాలి. అందుకే కుడికాలి పుండును చూడగానే ఆమెకు నొప్పికన్నా ముందు పని పోతుందన్న భయం పట్టుకుంది.

పలక ముక్క గుచ్చుకున్న సంగతి కూడా చెప్పు నెత్తుటితో తడిస్తే గాని తెలియలేదు. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గింది. మందుల షాపులో మాత్రలు తెచ్చుకుంది, వాపు దిగగానే ఆపేసింది, మిగిలినవి జ్వరంగా ఉందన్న పక్కింటామెకు ఇచ్చింది. ఆ వీధిలో మాత్రలు కరివేపాకులాంటివి. ఎవరింట్లో ఉంటే వాళ్ళింట్లో రెబ్బ తెంపుకుంటారు. పుండు మళ్ళీ లేచింది. ఈసారి ఆ మాత్రలు పనిచేయలేదు, వేరే రకమూ పనిచేయలేదు. ఆసుపత్రిలో చీము పరీక్షకు పంపారు. ఈ క్రిమికి మామూలు మందులన్నీ అలవాటైపోయాయనీ, ఇలాగే పాకితే పాదం ముందుభాగం తీసేయాల్సి వస్తుందనీ డాక్టరు చెప్పాడు.

అక్కడే వాణి తగిలింది. గుంటూరు పిల్ల. కొత్త రకం కట్టుగుడ్డను పరీక్షిస్తున్న బృందంలో పనిచేస్తుంది. దారాలకే రాగిని సన్నగా పట్టించిన, రాగిరంగు గుడ్డ అది. మాత్రల నుంచి తప్పించుకోవడం క్రిములు నేర్చుకున్నాయి. ఈ గుడ్డ తాకిన చోటల్లా క్రిమి పైపొరనే చెడగొడుతుంది గనక, దీన్నుంచి తప్పించుకోవడం వాటికి కష్టం కావచ్చని ఆశ. ఆ ఆశ నిజమో కాదో తేల్చడానికే ఈ పరీక్ష అని వాణి వివరించింది. పక్క మంచం మీది పెద్దాయన, రాగిచెంబులో నీళ్ళు తాగిన మన పూర్వీకులకు ఇదంతా ముందే తెలుసన్నాడు. రాగిచెంబు ఆయన మంచం కిందే ఉంది. ఎడమకాలు మోకాలి కింద లేదు.

కొత్త గుడ్డ ఎవరికి, మామూలు గుడ్డ ఎవరికి అన్నది చీటీ తీసినట్టు కంప్యూటరు తేలుస్తుంది. మిగతా వైద్యం అందరికీ ఒకటే. సుబ్బులమ్మకు కొత్తది వచ్చింది. ఇంటికి పొట్లాలిచ్చి, గుడ్డ పుండునంతా కప్పాలి, కత్తిరించకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు అని వాణి చెబితే ఆమె బుద్ధిగా తలూపింది.

అదే వరండాలో, మామూలు గుడ్డ వచ్చినవాళ్ళలో, కంభం నుంచి వచ్చిన సరస్వతమ్మ ఉంది. సుబ్బులమ్మ కూతురికి అత్తగారు. ఆమెకూ షుగరే, ఆమెకూ కాలి పుండే.

"ఏంది వదినా, నీకు రంగుది ఇచ్చినారే. నాకు తెల్లదే పడె," అంది, నవ్వుతూనే.

వియ్యపురాళ్ళ మధ్య ఇది చిన్నమాట కాదు. కూతురి పెళ్ళికి సుబ్బులమ్మ తాను నూలుచీర కట్టుకుని వియ్యపురాలికి పట్టుచీర పెట్టింది. పెట్టకపోతే ఆ సంగతి ఇప్పటికీ చుట్టాల నోళ్ళలో నలుగుతూ ఉండేది. ఇప్పుడు తాను మంచిది కట్టుకుని ఆమెకు నాసిది వదిలేయడమా? ఇందులో త్యాగం వెతకనక్కర్లేదు. కూతురు ఉండేది ఆ ఇంట్లో. మొత్తం ఇచ్చేస్తే తన పాదం పోతుంది, అసలివ్వకపోతే కూతురు మాటలు పడుతుంది. సగం ఇస్తే రెండూ నిలుస్తాయనుకుంది. పొట్లం విప్పిన ప్రతిసారీ గుడ్డను కత్తెరతో నిలువునా కత్తిరించి, ఒక ముక్క తాను కట్టుకుని, రెండోది మార్కాపురంలో ఒక దుకాణానికి రోజూ పనికి వచ్చిపోయే అల్లుడి చేత కంభం పంపింది.

మళ్ళీ ఆసుపత్రికి పోయినప్పుడు వాణి కట్టు విప్పి, చాలాసేపు వంగి చూసింది. పుండు మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత. దానికి ఇవతల ఎర్రగా, శుభ్రంగా కొత్త కండ. అవతల, చిటికెనవేలి వైపు, పచ్చటి చీము.

"ఈ గీత ఏమిటి పిన్నిగారూ?"

సుబ్బులమ్మ గోడకేసి చూస్తూ చెప్పేసింది. వాణి అరవలేదు. సరస్వతమ్మను పిలిపించి ఆమె కట్టూ విప్పించింది. అది పైపైన పడ్డ పుండు, అన్నివైపులా ఒకేలా ఆరుతోంది. దాన్ని చూసి గుడ్డ గురించి చెప్పగలిగేదేమీ లేదు.

"నా కాలు చూస్తే తెలుస్తాంది కదమ్మా, గుడ్డ మంచిదేనని," అంది సుబ్బులమ్మ.

"అలాగే కనబడుతోంది. కానీ మీ ఇద్దరినీ పరీక్షలోంచి తీసేయాలి. ఇప్పుడు మీరు కొత్త గుడ్డవాళ్ళూ కాదు, పాత గుడ్డవాళ్ళూ కాదు."

గుడ్డ చాలని వైపు క్రిమి ఎముకలోకి దిగింది. డాక్టరు చిటికెనవేలూ, దాని పక్క వేలూ తీసేశాడు. పాదం మిగిలింది. గొంతుక్కూర్చోవడం ఇక కుదరదని, కావాలంటే పీట వేసుకుని పని చేసుకోమని ఫ్యాక్టరీవాళ్ళు అన్నారు. వాణి ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళను, ఇక్కడ మీకు చుట్టాలెవరైనా ఉన్నారా అని ముందే అడుగుతోంది. మార్కాపురంలో దానికి లేరనే జవాబు దొరకడం కష్టం.

సరస్వతమ్మ జామకాయలు పట్టుకుని చూడవచ్చింది. బస్సు సంగతి, ఎండ సంగతి మాట్లాడింది. వేళ్ళు లేని చోటు చూడకుండా చాలాసేపు కూర్చుంది.

"నిజం చెప్తా వదినా. నాకా గుడ్డ అక్కర్లేకపోయె. నా పుండు అప్పటికే ఆరుతాండె. వద్దంటే నువ్వు ఏమనుకుంటావోనని, పంపినప్పుడల్లా కట్టుకున్నా."

"రంగుది ఇచ్చినారే అంటివి కదా మరి?"

"ఊరికే అన్నా. వియ్యపురాలిని, ఏదో ఒకటి అనకపోతే ఎట్ల?"

సుబ్బులమ్మ సంచిలోంచి ఒక జామకాయ తీసి కొంగుకు తుడిచింది. సగం చేసి ఇస్తుందేమోనని సరస్వతమ్మ చేయి కాస్త ముందుకు వచ్చింది. సుబ్బులమ్మ కాయను కొరికి, మొత్తం తానే తినేసింది.