ప్లగ్గు పీకితే చాలదు

కోవిడ్ సడలిన మరుసటి ఏడాది, రిటైర్మెంటుకు కొద్ది నెలల ముందు, బెంగళూరు శివార్లలో హెబ్బగోడి దగ్గరి ఒక ఎలక్ట్రిక్ బస్సుల కంపెనీలో మోటార్ డ్రైవ్‌ల పరీక్షా విభాగానికి నన్ను అధిపతిగా వేశారు. డ్రైవ్ అంటే బ్యాటరీ కరెంటును మోటారుకు కావలసినట్టు మలిచి అందించే పెట్టె. అది బయటికి వెళ్లాలంటే విడుదల పత్రం మీద నా సంతకం ఉండాలి. ఒకనాటి జమీందారీలో మా వంతుకు మిగిలింది ఇంటిపేరు ఒక్కటే. దాన్ని నమ్మకం కుదరని కాగితం కింద రాసే అలవాటు మాకు లేదు.

మోటారుకు వెళ్లే మూడు తీగలకు మూడు కరెంటు సెన్సర్లు ఉంటాయి. ఒక తీగలో వెళ్లింది మిగతావాటిలో తిరిగి వస్తుంది కాబట్టి, మూడు కరెంట్లూ కలిపితే ఎప్పుడూ సున్నా. కనుక ఒక సెన్సర్ పోయినా, మిగతా రెండింటి నుంచి మూడోది లెక్కగట్టి బస్సు నడపవచ్చు. దీన్ని పరీక్షించడానికి ల్యాబులో ఒక ఆచారం ఉండేది. మోటారు తిరుగుతుండగా ఒక సెన్సర్ ప్లగ్గు పీకేవారు. మోటారు ఆగకపోతే చప్పట్లు కొట్టి కాఫీకి వెళ్లేవారు.

ప్రాజెక్టు మేనేజర్ కిరణ్‌ది విజయవాడ. ఆ వారంలో నమూనా బస్సు అప్పగిస్తేనే, కొనేవాళ్ల పెద్ద ఆర్డరు మాకు దక్కుతుంది. అతను పత్రం తెచ్చి, "సార్, ప్లగ్గులన్నీ ఒక్కొక్కటే పీకి చూశాం. మోటార్ చెక్కుచెదర్లేదు. సైన్ చేసెయ్యండి సార్," అన్నాడు.

"మీరు చంపిన సెన్సర్‌ని డ్రైవ్ కనిపెట్టింది, సరే. దానంతట అది చెడితే?" అన్నాను. వేడికీ వయసుకీ సెన్సర్ చాలాసార్లు ఒక్కపెట్టున చావదు. ఉన్న కరెంటుకు కొంత కలిపి చెప్పడం మొదలుపెడుతుంది.

"ఇప్పుడా సార్! ఆర్డర్ పోతుంది!"

ఒక సెన్సర్ చెప్పే విలువకు చిన్న తప్పు కలిపి, బస్సును ట్రాకు మీద నడిపించాను. టెస్ట్ డ్రైవర్ నారాయణప్ప దొడ్డబళ్ళాపురం మనిషి. కాస్త దూరం పోయి ఆపేశాడు.

"ఏమప్పా కిరణూ, రోడ్డు నున్నగా ఉండాది, బండి మాత్రం గుంతల్లో పోతా ఉండాది. టికెట్‌తోపాటు నడుం బెల్టు కూడా మీరే ఇస్తారా?"

ప్లగ్గు పీకినట్టు నిలకడగా సున్నా చూపిన సెన్సర్‌నే చెడ్డదిగా ఎంచే డ్రైవ్‌లోని మా ప్రోగ్రాము, ఈ తప్పుడు విలువను నమ్మి మోటారును కుదుపుతోంది. నేను సంతకం పెట్టలేదు. కిరణ్ కొన్నాళ్లు నాతో పనికి మించి మాట్లాడలేదు.

మూడూ కలిపి సున్నా రాకపోతే ఏదో ఒకటి చెడిందని తెలుస్తుంది గానీ, ఏది చెడిందో తెలియదు. తీగల్లో ఎంత కరెంటు ఉండాలో మోటారు లెక్కల నుంచి అంచనా కట్టి, ప్రతి సెన్సర్‌నూ దానితో పోల్చి, తేడాగా చెప్పేదాన్ని పక్కన పెట్టే పద్ధతి తయారుచేయడానికి అతని బృందానికి నెలలు పట్టింది. ఈలోగా ఆర్డరు వేరే కంపెనీకి పోయింది. ఇంకో ఆర్డరుకు పిలుపు వచ్చేసరికి నేను రిటైరయ్యాను. ఈసారి తప్పుడు విలువల పరీక్ష కిరణే దగ్గరుండి చేయించి బస్సు పంపాడు.

పరికరం వాడుకలో ఎలా చెడుతుందో ముందు చూసి, ఆ తర్వాతే పరీక్ష రాయాలి. మన చేతికి సులువైన తీరులో అది చెడదు.