నీళ్లు లేని సెల్లార్‌లో వాటర్ స్కూటర్

మా మేనమామ రైల్వే లోకో షెడ్డులో పనిచేసి రిటైరయ్యాడు. ఉండేది మెట్టుగూడలో. మా చుట్టాల్లో ఎవరు పాత స్కూటర్ కొన్నా, పాత కుట్టుమిషన్ కొన్నా ముందు ఆయన చూడాల్సిందే. అమ్మేవాడి ముందు మాత్రం నోరు మెదిపేవాడు కాదు. అంతా చూసి, మమ్మల్ని వెంటబెట్టుకుని దగ్గర్లో ఉన్న ఇరానీ హోటల్‌కి నడిచేవాడు. చాయ్ సగం తాగాకే తీర్పు. అంతదాకా మేం నోళ్లు మూసుకుని ఆయన కప్పు వైపే చూస్తూ కూర్చోవాలి.

రెండేళ్ల క్రితం ఆయన సరేనన్న కారు, మా పిన్ని కొడుకు దగ్గర నెల తిరక్కుండానే మూలపడింది. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పిలవలేదు. ముఖం మీద ఎవరూ ఏమీ అనలేదు కూడా. ఆయనను ఎక్కువ బాధపెట్టింది అదేనని నాకు తెలుసు.

నేనూ తమ్ముడూ కలిసి ఊరి బయట ఒక చెరువులో పడవలు తిప్పే పని పెట్టుకున్నాం. మా దగ్గరున్నవి కాళ్లతో తొక్కే పడవలు. వచ్చినవాళ్లందరూ వాటర్ స్కూటర్ లేదా అని అడిగేవాళ్లు, నీటి మీద మోటార్‌సైకిల్‌లా దూసుకుపోతుందే, అది. ఏ.ఎస్. రావు నగర్‌లో ఒకాయన తనది అమ్ముతున్నాడని తెలిసింది. మామను తీసుకుపోదామన్నాను.

"కారే తెల్వలే ఆయనకు. గిదేం తెలుస్తదక్కా?" అన్నాడు తమ్ముడు.

"తెల్వకుంటే తెల్వదంటడు తియ్," అన్నాను. నిజానికి ఆయన నోటి వెంట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

ఫోన్ చేస్తే "ఎన్ని గంటలకు రావాలె బిడ్డా?" అన్నాడంతే. ఆదివారం పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో టార్చి, చేతిలో పొడుగాటి స్క్రూడ్రైవర్‌తో మాకంటే ముందే అమ్మే ఆయన అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ట్రైలర్ మీద ఉంది బండి. మామ స్టార్ట్ చేయమని సైగ చేశాడు. సీటు ఎత్తించి, స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు, పిడి చెవికి ఆనించి వినసాగాడు.

"ఇక ఆపేద్దాం సార్. నీళ్లు లేకుండా ఎక్కువసేపు నడపకూడదు," అన్నాడు అమ్మే ఆయన.

మామ నా వైపు చూసి కన్ను గీటాడు. దాని అర్థం నాకు తెలుసు. పెట్రోల్ తక్కువుంది, బ్యాటరీ వీక్ అని ఇంజన్ ఆపించేవాళ్లను ఆయన జీవితమంతా చూశాడు. అలా అన్న ప్రతివాడూ ఏదో దాస్తున్నట్టే ఆయన లెక్క. దాంతో ఆపకపోగా యాక్సిలరేటర్ ఇంకా పెంచాడు. కాసేపటికి రబ్బరు కమిలిన వాసన. అమ్మే ఆయన ఒక్క ఉదుటున వచ్చి ఇంజన్ ఆపేశాడు.

"బయటి నీళ్లు లోపలికొస్తేనే ఇది చల్లబడుతుంది సార్. ఇట్లా నడిపితే పొగ గొట్టం దగ్గరున్న రబ్బరు పైపు కాలిపోతుంది."

తమ్ముడు నన్ను చూసిన చూపుకు చెంప మీద ఒకటివ్వాలనిపించింది. మామను చూడలేకపోయాను. ఆయన్ని ఈ వయసులో ఇంత దూరం లాక్కొచ్చి పరువు తీశానే అని నా మీద నాకే కోపం. ఆయన స్క్రూడ్రైవర్‌ను చేతిరుమాలుతో చాలాసేపు తుడిచాడు. ఇక హోటల్ దారి పడతాడనుకున్నాను.

"తప్పు నాదే," అన్నాడు. "గీ బండి నాకు తెల్వది. జెర చూపెట్టుండ్రి, నేర్చుకుంట."

అమ్మే ఆయన కార్లు కడిగే పైపు లాక్కొచ్చి బండికి తగిలించాడు. ముందు ఇంజన్, తర్వాత నీళ్లు. ఆపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఇంజన్. లేదంటే నీళ్లు ఇంజన్‌లోకి ఎక్కుతాయట. మామ బడిపిల్లాడిలా రెండుసార్లు పైకి అప్పజెప్పాడు. కమిలిన పైపు విప్పి చూశారు. పైపైన రంగు మారింది, అంతే. అయినా కొత్తది తానే వేయిస్తానన్నాడు మామ. ఆయిల్ చూశారు. నీళ్లు కలిస్తే పాల చాయ్ రంగుకు తిరుగుతుందట, ఇది తిరగలేదు. వెనక నీళ్లను తోసే ఫ్యాను దగ్గర అమ్మే ఆయనే టార్చి అడిగి తీసుకుని, రాయి తగిలి అంచు పోయిన ఒక రెక్కను చూపించాడు. ఇద్దరూ నేల మీద బోర్లా పడుకుని మాట్లాడుకుంటుంటే నేను మెట్ల మీద కూర్చుని హాయిగా చూస్తూ ఉండిపోయాను. ఇస్త్రీ చొక్కా సంగతి ఆయనకు గుర్తే లేదు. రెండేళ్లలో ఆయన్ని అంత సంతోషంగా చూడలేదు.

ఆయన లేవగానే తమ్ముడు "ఇగ హోటల్‌కు పోదామా మామా?" అన్నాడు.

"హోటలెందుకు? ఈయన ముందటనే చెప్త. బండికి నేను గ్యారంటీ ఇయ్య, దాని సంగతి నాకు ఇయ్యాల్నే తెలిసె. మనిషికి ఇస్త. నేనడగని దెబ్బ సుత చూపెట్టిండు." చొక్కాకంటిన దుమ్ము దులుపుకుంటూ చిన్నగా అన్నాడు, "ఆ కారు కాడ సుత తెల్వదనే అనాల్సుండె. నోరు రాలే."

అమ్మే ఆయన, నీళ్లలో నడిపి చూశాకే మాట ఇవ్వండి, చెరువుకు ఇప్పుడే పోదాం అన్నాడు. తమ్ముడు ట్రైలర్‌ను మేం వచ్చిన మా కారుకు తగిలించి, నేను ఎప్పుడూ కూర్చునే ముందు సీటు తలుపు తీసి పట్టుకున్నాడు.

"నువ్వు వెనక కూసో అక్కా," అన్నాడు. "మామా, రా. నువ్వు చూడంది నేను తీస్కోను."